గోడ స్విచ్ ఆపే ముందు

అమ్మడూ శ్రావణీ,

చెన్నై వేలచ్చేరిలో ఇల్లు తీసుకున్నావనీ, రాత్రి పడుకోబోయే ముందు టీవీ మొదలు ప్రింటర్ దాకా అన్నీ గోడ దగ్గరే ఆపేద్దామనుకుంటున్నావనీ మీ అమ్మ చెప్పింది. కరెంటు బిల్లు లెక్క చూసుకునేదాకా వచ్చావంటే సంతోషమే. ప్రింటర్ మాట దగ్గర మాత్రం గుండె గుభేలుమంది.

గోడ స్విచ్ ఆపితే వస్తువు చెడిపోదు. అది పనిలో ఉండగా ఆపితేనే చెడుతుంది. ముందు వస్తువుని దాని బటన్‌తో ఆపు, అది సద్దుమణిగాక గోడ స్విచ్ నొక్కు. ఆపిన వెంటనే మళ్ళీ వేయకు, ఒక నిమిషం ఆగు. అడాప్టర్ లోపల కరెంటుని కాస్త నిలవ ఉంచే కెపాసిటర్ ఉంటుంది, స్విచ్ వేసిన క్షణం దాన్ని నింపడానికి కరెంటు ఒక్కసారిగా దూసుకొస్తుంది. రోజుకోసారైతే తట్టుకుంటుంది. టపటపా ఆడిస్తే దానికీ, స్విచ్చుకీ కూడా చేటే.

ఫోన్ ఛార్జర్, ల్యాప్‌టాప్ అడాప్టర్, మామూలు ఎల్ఈడీ టీవీ: నిక్షేపంగా ఆపుకో. కానీ మంచి ఛార్జర్ ఖాళీగా ఉంటే రెండు నెలలకు పావు యూనిట్ కూడా తినదు. అసలు తిండిపోతు సెట్‌టాప్ బాక్సు. స్టాండ్‌బైలో, అంటే రిమోట్‌తో ఆపి వదిలేసినప్పుడు, 10 వాట్లు లాగేదైతే, రోజుకు 16 గంటల చొప్పున రెండు నెలల బిల్లులో తొమ్మిదిన్నర యూనిట్లు దానివే. దాన్ని ఆపు. పొద్దున ఛానెళ్ళు రావడానికి కాస్త ఆలస్యమవుతుంది, అంతే.

ఇక ప్రింటర్. పవర్ బటన్ సంగతి మరిచిపోయి గోడ స్విచ్ నొక్కేయడం ఇంటింటా జరిగేదే. ఇంక్‌జెట్‌ని, అంటే ఇంకు చిమ్మే ప్రింటర్‌ని, దాని బటన్‌తో ఆపితే ఇంకు చిమ్మే హెడ్ మెల్లగా తన మూలకి జరుగుతుంది. అక్కడ ఒక రబ్బరు మూత పైకొచ్చి ఇంకు వచ్చే రంధ్రాల్ని మూస్తుంది. ఆ చప్పుడు, బటన్ లైటు మినుకుమినుకు ఆగేదాకా ఉండాలి. మధ్యలో కరెంటు తీస్తే హెడ్ దారిలోనే నిలిచిపోతుంది, మూత పడదు. వెంట్రుక కన్నా సన్నని ఆ రంధ్రాల్లో ఇంకు ఎండి గడ్డకడుతుంది. తర్వాత పేజీ మీద తెల్లచారలు. క్లీనింగ్ పెడితే ఇంకు వృథాగా పోయి అడుగున స్పాంజిలో చేరుతుంది. బిల్లులో మిగిలిన రూపాయలకు పదింతలు అక్కడ కారిపోతాయి, పిచ్చిపిల్లా! కొన్ని ప్రింటర్లు కరెంటు వచ్చినప్పుడల్లా కూడా క్లీనింగ్ చేసుకుంటాయి. కాబట్టి దాన్ని బటన్‌తోనే ఆపి, గోడ స్విచ్ వేసే ఉంచు. వారానికొక రంగుల పేజీ తియ్యి.

ఓఎల్ఈడీ టీవీ అయితే రిమోట్‌తో ఆపాక లోపల తెరని సరిచేసుకుంటుంది, వెంటనే కరెంటు తీయకు. ఏసీ కూడా అంతే: రిమోట్‌తో ఆపాక చాలావాటిలో ఫ్యాన్ కొద్దిసేపు తిరిగి, గాలిని చల్లబరిచే కాయిల్‌ని ఆరబెడుతుంది. చెన్నై ఉక్కలో తడి కాయిల్‌ని అలాగే వదిలేస్తే ముక్కిపోయిన వాసన పట్టుకుంటుంది. డెస్క్‌టాప్‌ని షట్‌డౌన్ చెయ్యి, స్లీప్‌లో ఉంచి గోడ స్విచ్ తీస్తే సేవ్ చేయనిదంతా గోవిందా. వైఫైకి చిన్న యూపీఎస్ ఉంటే దాన్ని అసలు ముట్టుకోకు, రాత్రల్లా బ్యాటరీ అడుగంటి తొందరగా చస్తుంది. ఫ్రిజ్ గురించి చెప్పక్కర్లేదనుకుంటా.

నాకు నిద్రపట్టనివ్వని సంగతి ఇంకోటుంది. స్విచ్ తీసేశాం కదా, ఇక కరెంటు లేదులే అనుకుంటావేమో. మన సాకెట్ స్విచ్ ఒక తీగనే తెంపుతుంది. అది ఫేజ్, అంటే కరెంటు తెచ్చే తీగ, అయి ఉండాలి. పాత ఇళ్ళలో ఎవరో తొందరపాటుగా స్విచ్‌ని న్యూట్రల్‌కి, అంటే కరెంటు తిరిగెళ్ళే తీగకి, వేసి ఉంటే, స్విచ్ ఆఫ్‌లో ఉన్నా వస్తువు దాకా 230 వోల్టులు వస్తూనే ఉంటాయి. ప్లగ్ ఏదీ లేకుండా, స్విచ్ ఆఫ్ చేసి, సాకెట్ కింది రెండు రంధ్రాల్లోనూ టెస్టర్ పెట్టు. వెలగకూడదు. వెలిగితే నువ్వు విప్పకు, ఇంటివాళ్ళతో చెప్పి ఎలక్ట్రీషియన్‌ని పిలిపించు. స్విచ్ వేసినప్పుడు చిటపటమన్నా, ప్లగ్ వేడెక్కినా అదే మాట. అక్టోబరు నుంచి ఉరుములు మొదలైతే స్విచ్ ఒక్కటే చాలదు, ప్లగ్‌తోపాటు కేబుల్ తీగ కూడా పీకెయ్యి. అదీ ఉరుములు దగ్గరికి రాకముందే.

టెస్టర్ పెట్టి చూశాక ఫోన్ చెయ్యి, ఏ సాకెట్లో ఏముందో చెబుదువుగాని.

మీ పెదనాన్న