కియోస్క్‌కి టచ్‌స్క్రీనా, చేతి సైగలా?

ఆఫీసుకి వచ్చినవాళ్లు టోకెన్ తీసుకునే కియోస్క్‌కి టచ్ పెట్టాలా, కెమెరాతో చేతి సైగలు గుర్తించాలా అన్నది మీ ప్రశ్న. టచ్ పెట్టండి. సైగలకి డెమోలో చప్పట్లు పడతాయి కానీ రోజువారీ వాడకంలో నిలబడవు. అద్దానికి వేలు తగిలితే ఆదేశం మొదలైనట్టు, వేలు తీస్తే అయిపోయినట్టు. గాల్లో ఆడే చేతికి ఆ రెండూ లేవు. ముక్కు గోక్కున్నా, పక్కవాళ్లకి కౌంటర్ ఎటుందో చూపించినా కెమెరాకి అదీ సైగే.

ఆ మొదలూ చివరా మనమే కోడ్‌లో రాసుకోవాలి. కెమెరా బొమ్మలో చేతిని గుర్తించే గూగుల్ లైబ్రరీ మీడియాపైప్ ఒక్కో చేతికి నంబర్లు వేసిన 21 బిందువులు ఇస్తుంది. బొటనవేలి కొన (4), చూపుడువేలి కొన (8) దగ్గరపడితే ‘నొక్కినట్టు’ అనుకోవచ్చు. ఆ దూరాన్ని అలాగే వాడితే మనిషి ఒక అడుగు వెనక్కి జరగ్గానే లెక్క తప్పుతుంది. మణికట్టు (0) నుంచి మధ్యవేలి మొదలు (9) వరకున్న పొడవుతో భాగించండి. అంతకన్నా ముందు, ఒక్కో బిందువు ఎక్కడుందో చెప్పే అంకెల్లో ఎక్స్‌ని ఫ్రేమ్ వెడల్పుతో, వైని ఎత్తుతో గుణించాలి. రెండూ 0–1 మధ్య వేర్వేరు కొలతల్లో వస్తాయి కాబట్టి, ఇది మరిచిపోతే చేయి అడ్డంగా తిప్పినప్పుడు ఒక విలువ, నిలువుగా తిప్పినప్పుడు ఇంకో విలువ వస్తుంది.

నిష్పత్తి 0.25 కిందకి దిగితే నొక్కినట్టు, 0.4 దాటితే వదిలినట్టు అని మొదలుపెట్టి, మీ కెమెరాకి తగ్గట్టు సర్దుకోండి. ఒకే హద్దు పెడితే వేలు కాస్త వణికినా ఒక నొక్కు నాలుగవుతుంది. వరుసగా 3 ఫ్రేములు చూశాకే ఒప్పుకోండి. సెకనుకి 30 ఫ్రేముల కెమెరాలో దానికే 100 మిల్లీసెకన్లు పోతాయి. టచ్‌లో ఈ బాధలేవీ లేవు.

టచ్‌కి తన తిప్పలు తనకున్నాయి. ఆండ్రాయిడ్ చెప్పే కనీస బటన్ 48 డీపీ (ఆండ్రాయిడ్ తెర కొలత), అంటే సుమారు 9 మిల్లీమీటర్లు. పెద్ద కియోస్క్ తెరలు చాలాసార్లు డెన్సిటీ (అంగుళానికి ఎన్ని చుక్కలో) తప్పుగా చెబుతాయి, అందుకే స్కేలు పెట్టి తెరమీదే కొలవండి. నిలబడి వాడేదానికి నేనైతే 20 మిల్లీమీటర్లకి తగ్గించను. నేల నుంచి 1.2 మీటర్ల పైన ముఖ్యమైన బటన్ పెట్టకండి, చక్రాల కుర్చీలో ఉన్నవాళ్లకి అందదు. తడి చేతులకి, మామూలు రబ్బరు గ్లవుజులకి వేలి స్పర్శని విద్యుత్ మార్పుతో పసిగట్టే కెపాసిటివ్ తెర సరిగా పలకదు. స్వైప్ పెడితే పక్కనే బాణం బటన్ కూడా ఉండాలి. 2018లో వచ్చిన డబ్ల్యూసీఏజీ 2.1 (వైకల్యం ఉన్నవాళ్లూ వాడగలిగేలా వెబ్‌కి పెట్టిన ప్రమాణాలు) లోని 2.5.1 నియమం అడిగేదీ అదే: గీతగా జరిపితేనో, రెండు వేళ్లు పెడితేనో అయ్యే పని, ఆ కదలికే తప్పనిసరి కానప్పుడు, ఒక్క వేలి నొక్కుతోనూ కావాలి.

సైగలు నిజంగా పనికొచ్చేది చేయి తెరకి తగలకూడని చోట: ఆపరేషన్ థియేటర్లో స్కాన్లు తిప్పడం, గ్రీజు చేతులతో వర్క్‌షాపులో బొమ్మలు చూడటం. అక్కడ కూడా ముందుకి, వెనక్కి, ఆపు, ఈ మూడే. డబ్బు కట్టడం, రద్దు చేయడం సైగకి అప్పగించొద్దు.

అయినా సైగలే కావాలని పైవాళ్లు పట్టుబడితే, కెమెరాని కిటికీకి ఎదురుగా పెట్టకండి, వెనక వెలుతురుకి చేయి నల్లటి మచ్చ అయిపోతుంది. ఫ్రేమ్‌ని అద్దంలోలా తిప్పి చూపించండి. ఒక్క చేతినే వెతకమంటే లైన్లో వెనకున్నవాళ్ల చేయి దొరకొచ్చు. నాలుగు చేతుల దాకా వెతికించి, అరచేయి అన్నిటికన్నా పెద్దగా కనిపించేదాన్ని ఎంచుకుని, అది ఫ్రేమ్‌లోంచి వెళ్లేదాకా ఇంకోదాన్ని పట్టించుకోకండి.