వాషింగ్టన్ స్ట్రీట్ మీద ఒక డిసెంబరు సాయంత్రం

(షికాగో డౌన్‌టౌన్‌లో పందొమ్మిదేళ్ళు లెక్కల పద్దులు రాసి రిటైరైనదాన్ని. అక్కడి లంచ్ బ్రేకుల్లో తిరిగిన తిరుగుడే ఈ జవాబులకు ఆధారం. డిసెంబరు ప్రయాణాల గురించి వచ్చిన ఉత్తరాల్లో ఐదింటికి ఈసారి జవాబులు.)

ప్రశ్న: మా అబ్బాయి షికాగో శివార్లలోని నేపర్‌విల్‌లో ఉంటాడు. డిసెంబరు రెండో వారంలో మావారూ నేనూ వెళ్తున్నాం. వాడికి ఒక్కరోజే సెలవు దొరుకుతుందట. మావారికి మోకాళ్ళ నొప్పులు. క్రిస్మస్ షాపులు, దీపాలు చూడాలని నాకేమో ఆశ. ఒక్కరోజులో అయ్యే పనేనా మేడమ్? (ఒక పాఠకురాలు, విజయవాడ)

జవాబు: రోజంతా ఎందుకండీ, ఒక మధ్యాహ్నం చాలు. కాకపోతే ఏ రోజు, ఏ వేళ అన్నది చూసుకోవాలి. శని, ఆదివారాలు వద్దు. మంగళవారమో బుధవారమో సెలవు పెట్టమనండి. కారు కూడా వద్దు, పార్కింగ్ కోసం తిరిగే టెన్షన్‌తో మీవాడి మొహంలో పండగ కళ పోతుంది. నేపర్‌విల్‌లో మెట్రా అనే లోకల్ రైలెక్కి యూనియన్ స్టేషన్‌లో దిగి, అక్కణ్ణుంచి క్యాబ్ తీసుకోండి. రెండింటికల్లా స్టేట్ స్ట్రీట్‌లో ఉండాలి. ఆ రోజుల్లో అక్కడ సాయంత్రం నాలుగూ ఇరవైకే పొద్దు గుంకుతుంది. వెలుతురున్నంతసేపు లోపల తిరిగి, దీపాలు పెట్టే వేళకు బయటికి రావచ్చు.

ఒకే ఒక్క వీధి పేరు గుర్తు పెట్టుకోండి: వాషింగ్టన్ స్ట్రీట్. మీరు చూడాలనుకునేవన్నీ దాదాపు దాని మీదే వరసగా ఉన్నాయి. పడమటి వైపు డేలీ ప్లాజాలో జర్మన్ క్రిస్మస్ సంత. ఒక బ్లాకు తూర్పుకి నడిస్తే స్టేట్ స్ట్రీట్ మూల మీద మేసీస్ అనే పెద్ద అంతస్తుల దుకాణం. ఇంకో రెండు బ్లాకులు దాటితే కల్చరల్ సెంటర్, దానికెదురుగా మిలీనియం పార్కులో ఊరి క్రిస్మస్ చెట్టు. మొత్తం కలిపి అర కిలోమీటరు కూడా ఉండదు.

మేసీస్‌ని పాతవాళ్ళు ఇప్పటికీ మార్షల్ ఫీల్డ్స్ అనే అంటారు. 2006లో పేరు మారిస్తే ఊరు ఊరంతా అలిగింది. మూల మీద వేలాడే పెద్ద ఆకుపచ్చ రంగు గడియారం 1897 నాటిది. "గడియారం కింద కలుద్దాం" అనుకోవడం అక్కడివాళ్ళకు అలవాటు. మీరూ మీ అబ్బాయీ విడిపోతే కలుసుకునే చోటు అదే అని ముందే చెప్పుకోండి. స్టేట్ స్ట్రీట్ వైపు అద్దాల కిటికీల్లో కదిలే బొమ్మలతో కథలు పెడతారు. బొమ్మల్ని అందరూ చూస్తారు, మీరు అద్దాన్ని కూడా ఒకసారి దగ్గరగా చూడండి. రెండున్నర అడుగుల ఎత్తున వరసగా గుండ్రటి మసక మచ్చలు ఉంటాయి. పిల్లలు ముక్కులు ఆనించిన గుర్తులు. నేను పనిచేసే రోజుల్లో పొద్దున్నే ఒకాయన వచ్చి ఆ ఎత్తున మాత్రమే అద్దం తుడిచి వెళ్ళేవాడు. మధ్యాహ్నానికి మళ్ళీ మామూలే.

లోపలికి వెళ్ళాక మీవారిని ఒక చోట నిలబెట్టి పైకి చూడమనండి. 1907లో టిఫనీ సంస్థ అమర్చిన గాజు కప్పు అది. దాదాపు పదహారు లక్షల ముక్కలు. ఏడో అంతస్తులో వాల్‌నట్ రూమ్ అనే భోజనశాల ఉంది, దాని మధ్యలో నలభై అయిదు అడుగుల క్రిస్మస్ చెట్టు నిలబెడతారు. కూర్చుని తినాలంటే చాలా ముందు బుక్ చేసుకోవాలి, లేదంటే గంటల తరబడి క్యూ. నేనైతే మా చుట్టాలందర్నీ ఎస్కలేటర్ మీద ఎనిమిదో అంతస్తుకి తీసుకెళ్ళి కటకటాల దగ్గర నిలబెడతాను. పై నుంచి చెట్టు కొసన ఉన్న నక్షత్రం దాకా కనిపిస్తుంది. ఖర్చు లేదు, క్యూ లేదు.

ఇక మోకాళ్ళ సంగతి. ఈ భవనాల కింద పెడ్‌వే అని నేలమాళిగ దారులు ఉన్నాయి. 1951లో మొదలై ఇప్పుడు మైళ్ళ పొడవున అల్లుకున్నాయి. మేసీస్ అడుగు అంతస్తు నుంచి అటు కల్చరల్ సెంటర్ వైపుకీ, ఇటు డేలీ ప్లాజా పక్కనున్న డేలీ సెంటర్ వైపుకీ చలిగాలి తగలకుండా పోవచ్చు. పగలు ఆఫీసుల పనివేళల్లో తలుపులన్నీ తెరిచి ఉంటాయి, శని ఆదివారాల్లో కొన్ని మూసేస్తారు. వారం మధ్యలో వెళ్ళమన్నది అందుకు కూడా. కల్చరల్ సెంటర్‌లో అడుగు పెట్టడానికి టికెట్ లేదు. వెచ్చగా ఉంటుంది, కూర్చోవచ్చు, బాత్‌రూములు శుభ్రం. మా వయసు వాళ్ళకి దీన్ని మించిన పర్యాటక సమాచారం ఇంకేముంటుంది చెప్పండి. పైన ముప్ఫై ఎనిమిది అడుగుల వెడల్పున్న రంగుటద్దాల గుమ్మటం ఉంది, అదీ టిఫనీదే. లిఫ్ట్ ఉంది.

చీర కట్టుకోవచ్చు, లోపల థర్మల్స్ వేసుకుంటే చాలు. చెప్పులు మాత్రం వద్దు. నా మొదటి డిసెంబరులో కాన్వాస్ బూట్లేసుకుని బయల్దేరాను. రోడ్డు దాటే చోట పేవ్‌మెంట్ అంచున బూడిదరంగులో గట్టిగా కనిపించింది కదాని అడుగేశాను. అది కరిగీ కరగని మంచు, కింద జానెడు లోతు నీళ్ళు. ఆ రోజంతా ఆఫీసులో బల్ల కింద వట్టి కాళ్ళతో కూర్చుని, మేజోళ్ళు హీటర్ మీద ఆరబెట్టుకున్నాను. నీళ్ళు చొరని బూట్లు మీ అబ్బాయినడిగి తెప్పించి పెట్టుకోండి. మీవారు మంకీ టోపీ నిరభ్యంతరంగా పెట్టుకోవచ్చు, అక్కడ ఎవరూ నవ్వరు.

ప్రశ్న: మేము శాకాహారులం, గుడ్డు కూడా తినం. క్రిస్మస్ సంతల్లో మాకు ఏమన్నా దొరుకుతుందా, లేక వాసన చూసి రావాల్సిందేనా? (హైదరాబాద్)

జవాబు: వాసన కోసమైనా వెళ్ళొచ్చండీ. డేలీ ప్లాజా సంతలో మొదట ముక్కుకి తగిలేది రాగి బాణలిలో పంచదార, దాల్చినచెక్క పాకం పట్టే బాదం పప్పు. కాగితం పొట్లంలో పోసి ఇస్తారు. చేతి తొడుగులు తీసి ఆ వేడి పొట్లాన్ని రెండు నిమిషాలు పట్టుకోండి, తినడం తర్వాత. మన చిక్కీలా ముద్ద కట్టదు, గింజకి గింజ విడిగా ఉంటుంది.

బంగాళాదుంప తురుముతో వేసే అట్లు ఉంటాయి, ఆపిల్ గుజ్జుతో ఇస్తారు. చూడగానే మనదే అనిపిస్తుంది, కానీ ఆ పిండిలో గుడ్డు కలపడం మామూలు. అడక్కుండా కొనకండి. హాట్ చాక్లెట్ మీద తేలే తెల్లటి మార్ష్‌మాలోలు జెలటిన్‌తో చేస్తారు, అంటే జంతువుల చర్మం, ఎముకల నుంచి తీసింది. "మార్ష్‌మాలో వద్దు" అని ముందే చెప్తే వేయరు. ఎగ్‌నాగ్ అనే పానీయం పేరులోనే గుడ్డుంది. స్టోలెన్ అనేది రొట్టెకీ కేకుకీ మధ్యరకం, ఎండు పండ్లు, పైన పొడి చక్కెర. డబ్బా మీద పదార్థాల పట్టీ చదివి తీసుకోండి.

పొగలు కక్కే ఎర్రటి పానీయాన్ని గ్లూవైన్ అంటారు. రెడ్ వైన్‌లో దాల్చినచెక్క, లవంగం, నారింజ వేసి కాచింది. అచ్చం అలాగే ఉండే కిండర్‌పన్ష్ అని ఇంకొకటి ఉంది, అది పిల్లల కోసం చేసిన పండ్లరసం, మందు ఉండదు. ఒక ఏడు మావారికి మొదటిదీ, మా మామగారికి రెండోదీ తీసుకున్నాం. రెండు కప్పులూ ఒకే రకం, పైగా ఇద్దరి చేతులకీ తొడుగులు. కప్పులు ఎప్పుడు మారాయో తెలీదు. జన్మలో మందు ముట్టని మా మామగారు సగం ఖాళీ చేసి, "మన శొంఠి కషాయం లాగుందే, దగ్గుకి మంచిది, ఇంకాస్త పోయించు" అన్నారు. నిజం ఆయనకి ఇంతవరకూ చెప్పలేదు. ఆయన ఈ పత్రిక చదవరు కాబట్టి ధైర్యంగా రాస్తున్నాను. మీరు మాత్రం ఇద్దరివీ ఒకేసారి కొనకండి.

కప్పు సంగతి కూడా చెప్పాలి. ప్రతి ఏడూ కొత్త బొమ్మతో చేయిస్తారు, కప్పుతో సహా కొంటే అది మీదే. ఈ సంత 1996లో మొదలైంది, న్యూరెంబర్గ్ సంతని చూసి పెట్టుకున్నది. మా ఇంట్లో టీ కప్పుల అరలో సగం అవే.

సంత బయట అయితే గారెట్ పాప్‌కార్న్. 1949 నుంచీ ఉంది. పాకం పట్టిన పాప్‌కార్న్, చీజ్ పాప్‌కార్న్ ఒకే సంచిలో కలిపి ఇస్తారు. తీపీ ఉప్పూ కలపడమేమిటని మొదట మొహం చిట్లించాను. సంచి అడుగు తగిలేదాకా ఆపలేదు. వేళ్ళు నారింజరంగుకి తిరుగుతాయి, తెల్ల కోటు మీద చెయ్యి పెట్టకండి.

ప్రశ్న: ఆంటీ, నేను ఇక్కడ ఎమ్మెస్ చేస్తున్నాను. సెమిస్టర్ అయిపోయింది, రూమ్మేట్లందరూ ఊళ్ళు తిరుగుతున్నారు. చేతిలో డబ్బులు లేవు. డౌన్‌టౌన్‌కి వెళ్ళి షాపుల ముందు తిరిగితే ఇంకా దిగులేమో అనిపిస్తోంది. (ఒక విద్యార్థి, షికాగో)

జవాబు: నాయనా, నేను వచ్చిన కొత్తలో ఏమీ కొనకుండా తిరిగినన్ని సాయంత్రాలు ఇంకెవరూ తిరిగుండరు. ఎవరూ నిన్ను చూడరు, అందరూ కిటికీల్నే చూస్తుంటారు. దిగులేస్తే రైలెక్కి వచ్చెయ్.

రైలంటే గుర్తొచ్చింది. ఊళ్ళో రైళ్ళు నడిపే సీటీఏ వాళ్ళు 1992 నుంచీ ఈ నెలలో హాలిడే ట్రెయిన్ నడుపుతున్నారు. బోగీల నిండా రంగు దీపాలు, మధ్యలో పైకప్పు లేని పెట్టె మీద శాంటా చలిలో చెయ్యి ఊపుతూ ఉంటాడు. మామూలు టికెట్టే. ఏ రోజు ఏ లైన్‌లో వస్తుందో వాళ్ళే ముందు ప్రకటిస్తారు, చూసుకుని వెళ్ళు. మిలీనియం పార్కులో స్కేటింగ్ చేసేవాళ్ళని రెయిలింగ్ దగ్గర నిలబడి చూడ్డం కూడా ఉచితమే. మొదటిసారి దిగినవాళ్ళు గోడ పట్టుకుని పాకుతుంటే మన కష్టాలు చిన్నవైపోతాయి.

మిషిగన్ అవెన్యూ మీద ఇంకాస్త దక్షిణానికి నడిస్తే ఆర్ట్ ఇన్‌స్టిట్యూట్ మెట్ల దగ్గర రెండు కంచు సింహాలు ఉంటాయి. పండగ రోజుల్లో వాటి మెడలో పచ్చటి దండలు వేస్తారు. వివేకానందుడు 1893 సెప్టెంబరు 11న మాట్లాడింది ఆ భవనంలోనే. అప్పటికి సింహాలు ఇంకా రాలేదు, మరుసటి ఏడు పెట్టారు. అదే 1893 ప్రపంచ ప్రదర్శన కోసం, అక్కడికి దగ్గర్లోనే ఉన్న పామర్ హౌస్ హోటల్ వంటింట్లో మొదటి బ్రౌనీ తయారైందని ఆ హోటలు వాళ్ళు చెప్పుకుంటారు. పైన వాల్‌నట్లు, ఆప్రికాట్ పాకం. గుడ్డు తింటావనుకుంటే నీ బడ్జెట్‌లో ఒక్క తిండి వస్తువుకే చోటుంటే అది కొను. ఆ హోటల్ లాబీలో కప్పు మీద బొమ్మలు చూస్తూ నెమ్మదిగా తిను.

ఏదన్నా కొనేముందు ఒక లెక్క. అక్కడ ధర చీటీ మీద పన్ను కలపరు. షికాగోలో అమ్మకం పన్ను 10.25 శాతం. ఇరవై డాలర్ల బొమ్మ కౌంటర్ దగ్గరకొచ్చేసరికి ఇరవై రెండు డాలర్ల ఐదు సెంట్లు అవుతుంది. మన ఎమ్మార్పీ అలవాటుతో సరిగ్గా ఇరవై పట్టుకెళ్ళి, వెనక క్యూ అంతా చూస్తుండగా బొమ్మ తిరిగి ఇచ్చేసిన అనుభవం నాది.

ప్రశ్న: రద్దీ పడదు మాకు. సరిగ్గా క్రిస్మస్ రోజే వెళ్తే ఖాళీగా ఉంటుందేమో కదా? (నెల్లూరు)

జవాబు: ఖాళీగానే ఉంటుంది, షాపులు కూడా ఉండవు. 25న దాదాపు అన్నీ మూసేస్తారు, జర్మన్ సంత 24తో సరి. 26న తెరుస్తారు, కానీ ఆ రోజు జనం నచ్చని బహుమతులు వాపసు ఇవ్వడానికి బారులు తీరతారు. అలంకరణ సామాన్లు మాత్రం ఆ రోజు నుంచి ధర తగ్గుతాయి, పై ఏటికి కొని పెట్టుకునేవాళ్ళకి అదే పండగ.

ప్రశ్న: గాజు బుడగల్లాంటి ఆ అలంకరణ వస్తువులు నాకు చాలా ఇష్టం. ఇండియాకి పగలకుండా తెచ్చుకోవడం ఎలా? (కాకినాడ)

జవాబు: పగలగొట్టుకునే నేర్చుకున్నానండీ. సంతలో చేత్తో రంగులద్దిన గాజు గోళాలు నాలుగు ఏరేరి కొన్నాను. డబ్బాతో సహా చీరల మధ్య పెట్టి సూట్‌కేసు చెకిన్‌లో వేశాను. ఇంటికొచ్చి తెరిస్తే డబ్బా చెక్కు చెదరలేదు, లోపల మెరుపు పొడి. ఆ తర్వాత ఏడాది పాటు నా కంచిపట్టు చీర దులిపినప్పుడల్లా ఒక తళుకు రాలేది.

ఇప్పుడు నా పద్ధతి ఇది. ఒక్కో గోళాన్ని ఒక్కో ఉన్ని మేజోడులో దూర్చి, మెడ దగ్గర వదులుగా ముడేస్తాను. గోళానికి పైన తగిలించే లోహపు టోపీ ఉంటుంది చూడండి, దాన్ని ముందే తీసి విడిగా పొట్లం కట్టాలి. పగులు ఎప్పుడూ అక్కడే మొదలవుతుంది. మేజోళ్ళని స్టీలు టిఫిన్ క్యారియర్ గిన్నెల్లో గిన్నెకి ఒకటి చొప్పున పెట్టి, ఖాళీలో మెత్తటి కాగితం కుక్కి, క్లిప్పు బిగిస్తాను. క్యారియర్ చేతి సంచిలోనే ఉండాలి. సెక్యూరిటీ దగ్గర విప్పమంటారు, విసుక్కోకుండా విప్పండి. పోయినసారి అక్కడి అమ్మాయి నాలుగు గిన్నెలూ తీసి, నాలుగు మేజోళ్ళూ తడిమి చూసి, ఏమీ అనకుండా మళ్ళీ తనే క్లిప్పు పెట్టబోయింది. క్యారియర్ క్లిప్పు పెట్టడం ఆమెకి రాలేదు, నేను చూపించాల్సి వచ్చింది.