బట్ట నానకుండా కలం పట్టొద్దు

తమ్ముడూ,

నీ కథ రెండుసార్లు చదివాను. పల్ప్ ఫ్యాక్టరీ ముందు తోతాపురి లోడుతో ట్రాక్టర్ నిలబెట్టుకుని నాన్న రెండు రాత్రులు వరసలో కాచుకోవడం, ఇది చిత్తూరు మామిడి రైతు ఇంట్లో పుట్టినవాడు ఎత్తుకోవాల్సిన కథ. అందుకే వాట్సాప్‌లో 'బాగుంది' అని పెట్టి ఊరుకోలేక ఇంత ఉత్తరం రాస్తున్నాను.

మూడో పేజీలో 'నాన్న దుఃఖసాగరంలో మునిగిపోయాడు' అన్నావు. ఆ మాట నీది కాదు, ఎక్కడో చదివింది చేతికొచ్చింది. లోడు అడుగున కాయ మెత్తబడి రసం కారుతుంటే ఆ వాసన నాన్నకు తగల్లేదా? తగిలినప్పుడు పట్ట ఎత్తి చూశాడా, చూడలేక బీడీ వెలిగించుకుని అటు తిరిగి కూర్చున్నాడా? నాకు అది కావాలి.

తిరుపతికి వచ్చినప్పుడు చెప్పు, కాళహస్తికి పోదాం. కలంకారీ వేసేవాళ్ళ దగ్గర ఒక పూట కూర్చుందాం. బొమ్మ సంగతి తర్వాత, దానికి ముందు జరిగేది చూడు. కోరా బట్టను ఉతికి, కరక్కాయ పొడి కలిపిన గేదె పాలలో ముంచి, పిండి, ఎండలో ఆరేస్తారు. పాలలో కొవ్వు ఉంటుంది కాబట్టి గీత పాకదు. ఇక నలుపు కోసం బెల్లం, తుప్పు పట్టిన ఇనుప ముక్కలు నీళ్ళలో వేసి రోజుల తరబడి పులియబెడతారు. పుల్లకు ఉన్ని చుట్టి దారం కట్టిన కలాన్ని అందులో ముంచి, వేళ్ళతో ఉన్నిని మెల్లగా నొక్కుతూ గీస్తారు. ఆ చిక్కటి నలుపు కలంలో లేదు తమ్ముడూ, బట్టలో ఇంకిన కరక్కాయకు ఇనుము తగిలినప్పుడు పుడుతుంది. బట్ట నానకపోతే ఎంత పనితనం ఉన్న చెయ్యి గీసినా అది రాదు. ఎరుపు ఇంకా విచిత్రం. ముందు పటిక నీళ్ళు పూస్తారు, అప్పుడు పెద్దగా ఏమీ కనిపించదు, రంగు నీళ్ళలో ఉడకబెట్టాక పటిక తాకిన చోటే ఎరుపు పట్టుకుంటుంది. మధ్యమధ్య పారే నీళ్ళలో జాడించాలి, ఆ పనికి వాళ్ళకు స్వర్ణముఖి ఉంది.

నా మొదటి కథలన్నీ నానని బట్ట మీద గీసినవే. వారంలో రాసి పోస్టు చేసేవాణ్ణి, పత్రికలవాళ్ళు వేశారు కూడా. ఇప్పుడు తలుచుకుంటే వాటిలో ఒక్క మనిషి ముఖమూ గుర్తు రాదు, దానికి ఇప్పటికీ బాధపడుతున్నాను.

అన్నమయ్య 32 వేల సంకీర్తనలు చెప్పాడంటారు, మనకు దక్కినవి అందులో సగం కూడా లేవు. అన్ని చెప్పినా చెయ్యి మొద్దుబారలేదంటే, జాజర, జోల, సువ్వి అంటూ ఊళ్ళో ఆడవాళ్ళు దంచుతూ, ఊపుతూ పాడుకునే బాణీలు చెవిలో నానబట్టే అని నా నమ్మకం. ఆ దక్కినవైనా రాగిరేకుల మీద చెక్కించి కొండమీద గుడిలో చిన్న రాతి గదిలో దాచారు కాబట్టే మిగిలాయి. రాగి మీద ఒక్కో అక్షరం ఎంత కష్టమో ఆలోచించు! నువ్వు కంప్యూటర్లో టైపు చేస్తున్నావు, మంచిదే, కానీ రెండో ప్రతి మాత్రం మొదటి నుంచి చివరిదాకా చేత్తో రాయి. అక్కర్లేని వాక్యం దగ్గర వేళ్ళు నొప్పెడతాయి, అక్కడ కొట్టెయ్యి.

దానికంటే ముందు నాన్నను అడుగు, ఆ రెండు రాత్రులూ ట్రాక్టర్ కింద ఏం పరుచుకుని పడుకున్నాడో.

మీ అన్న,
తిరుపతి