బుడ్డోడి రొంపకు రోజులు లెక్కపెట్టు

చి.ల.సౌ. మేనకోడలికి,

నెల్లూరు నుంచి మీ అత్త దీవించి రాసేది. బుడ్డోడికి పచ్చటి చీమిడి కారుతోందనీ, రాత్రిళ్ళు దగ్గుతో నిద్ర లేదనీ, మందుల షాపతను చూడకుండానే "ఇది సైనస్సే" అని యాంటీబయాటిక్ సీసా చేతిలో పెట్టాడనీ ఫోన్‌లో గుక్క తిప్పుకోకుండా చెప్పావు. ఆ సీసా మూత తియ్యకుండా పక్కన పెట్టు. ఫోన్‌లో చెప్తే సగం వింటావు, సగం మర్చిపోతావు, అందుకే కాగితం మీద పెడుతున్నా. పిల్లల వార్డులో ఇన్నేళ్ళు నర్సుగా చేసినదాన్ని కాబట్టి నాకు తెలిసింది చెప్తా. బిడ్డను చూసి తేల్చాల్సింది మాత్రం డాక్టరే.

ముందు ఆ రంగు సంగతి. నీళ్ళలా మొదలైన చీమిడి రెండు మూడు రోజులకు పసుపై, పచ్చబడి, చిక్కబడి, మళ్ళీ పలచబడటం మామూలు రొంపలోనూ ఉండేదే. పచ్చగా ఉంది కాబట్టి యాంటీబయాటిక్ అనేది మందుల షాపుల లెక్క. బడికి పోయే పిలకాయలకు ఏడాదికి ఆరు నుంచి ఎనిమిది సార్లు రొంప పట్టడం మామూలే. వాటిల్లో నూటికి పది కూడా సైనస్ ఇన్‌ఫెక్షన్ దాకా పోవు. మిగతావన్నీ వైరస్ వల్ల వచ్చేవి, వాటికి యాంటీబయాటిక్ పోసినా ఒకటే, పొయ్యకపోయినా ఒకటే. పైగా విరేచనాలు.

అందుకని రోజులు లెక్కపెట్టు. గోడ క్యాలెండర్లో రొంప మొదలైన తేదీకి సున్నా చుట్టు. పది రోజులు దాటినా ఏమాత్రం తగ్గుముఖం పట్టకుండా ముక్కు కారుతూనో, పగలు కూడా దగ్గుతూనో ఉంటే సైనస్‌లో బాక్టీరియా చేరిందని అనుమానించాలి. తగ్గిపోయిందిలే అనుకున్నాక తిరగబెట్టి, మళ్ళీ జ్వరమొచ్చి దగ్గు ఎక్కువైతే అది రెండో గుర్తు. మొదటి నుంచే 102 పైన జ్వరం, చిక్కటి చీమిడి కలిసి వరసగా మూడు రోజులుంటే పదో రోజు దాకా ఆగే పనే లేదు. ఈ మూడిట్లో ఏది కనిపించినా ఒంగోలు తీసుకెళ్ళి పిల్లల డాక్టరుకు చూపించు. నువ్వు చెప్పినదాన్ని బట్టి వీడికి జ్వరం లేదు, ఇంకా వారం కూడా కాలేదు, పక్కింటి పిల్లతో ఆడుకుంటున్నాడు. ఇప్పటికి భయం లేదు.

ముక్కు పక్కన ఎముకల్లో ఉండే గదులే సైనస్‌లు. చెరువుకు తూములా ఒక్కోదానికి ఒక సన్న దారి ఉంటుంది. రొంపకు ఆ దారి వాచి మూసుకుపోతే లోపల నీరు నిలిచి చెడిపోతుంది. బుగ్గల వెనకవి, కళ్ళ మధ్యవి పుట్టుకతోనే ఉంటాయి గానీ, నుదుటి వెనకవి ఆరేడేళ్ళు దాటితే గానీ చెప్పుకోదగ్గట్టు ఏర్పడవు. అందుకే నాలుగేళ్ళ వాడు పెద్దాళ్ళలా నుదురు పట్టుకుని నొప్పి అనడు. దగ్గుతాడు, నోరు వాసనొస్తుంది, గొంతులోకి జారింది మింగి కక్కుతాడు, చిరాకు పడతాడు. ఎక్స్‌రే తీయించమని నువ్వు అడగొద్దు. వట్టి రొంపలోనూ సైనస్‌లు మసగ్గానే కనపడతాయి, దాంతో తేలేది ఏమీ లేదు.

ఇంట్లో చేసేవాటిల్లో నాకు నమ్మకమున్నది ఉప్పునీళ్ళ మీద. పావు లీటరు నీళ్ళు బాగా మరగనిచ్చి, చల్లార్చి, అర టీస్పూను ఉప్పు, చిటికెడు వంటసోడా కలుపు. క్యాన్ నీళ్ళే గదా, మినరల్ వాటరే గదా అని మరిగించకుండా వాడొద్దు. తాగే నీళ్ళన్నీ ముక్కులోకి పనికిరావు. ఏ రోజుకారోజు కొత్తవి కలపాలి. అంత ఓపిక లేకపోతే షాపులో సెలైన్ చుక్కలు అడుగు. వాణ్ణి వెల్లకిలా పడుకోబెట్టి, భుజాల కింద చిన్న దిండు పెట్టి, ఒక్కో ముక్కులో రెండు మూడు చుక్కలు వేసి, కాసేపాగి లేపి కూర్చోబెట్టు. ఒక ముక్కు మూసి రెండోది మెల్లగా చీదమను. రెండూ నొక్కిపట్టి గట్టిగా చీదిస్తే చెవి మీదికి పోతుంది. అన్నానికి ముందొకసారి, పడుకునే ముందొకసారి చేస్తే చాలు. మొదటి రోజు గోల చేస్తాడు. తర్వాత వాడే మూత తీస్తాడు.

ఇక మీ అత్తగారి వైద్యం. ఆవిడతో పోట్లాడకు గానీ నాలుగు పనులు మాత్రం ఆపించు. ముక్కులో నూనె చుక్కలు వెయ్యొద్దు, అది ఊపిరితిత్తుల్లోకి దిగితే న్యుమోనియా. సాంబ్రాణి పొగ వద్దు. కర్పూరం మూటగట్టి మెళ్ళో వెయ్యొద్దు, పిల్లాడు నోట్లో పెట్టుకుంటే ఫిట్స్ వస్తాయి. మరిగే నీళ్ళ గిన్నె ముందు దుప్పటి కప్పి కూర్చోబెట్టడం అసలే వద్దు. గిన్నె ఒంపుకుని తొడలు కాల్చుకున్న పిలకాయలకు నేను కట్లు మార్చా. ఆవిడకేదో ఒకటి చెయ్యాలని ఉంటుంది కదా, మిరియాల చారు పెట్టమను, పల్చగా. రాత్రి పడుకోబోయే ముందు చెంచా తేనె ఇవ్వమను. ఏడాది దాటిన పిల్లలకే అది. పెరుగు మానిపించాల్సిన పని లేదు, వాడు తింటానంటే పెట్టు.

దగ్గు సిరప్ జోలికి పోకు. 2025 అక్టోబరులో మధ్యప్రదేశ్‌లో కల్తీ దగ్గు మందు తాగి పిల్లలు చనిపోయాక కేంద్ర ఆరోగ్య శాఖ కూడా చెప్పింది, రెండేళ్ళ లోపు వాళ్ళకు దగ్గు, జలుబు మందులు ఇవ్వొద్దు, ఐదేళ్ళ లోపు వాళ్ళకు మామూలుగా వాడొద్దు అని. జ్వరమొస్తే పారాసిటమాల్ ఒక్కటే. అందులోనూ సీసా మీద అంకె చదువు. చుక్కల మందులో ఒక మి.లీ.కే 100 మి.గ్రా. ఉంటుంది. సిరప్‌లో ఐదు మి.లీ.కు 120 ఉండేది ఒకటి, 250 ఉండేది ఇంకొకటి. కిలోకు 15 మి.గ్రా. లెక్కన, పదిహేను కిలోల వాడికి ఒక మోతాదు 225. 250 సిరప్ అయితే నాలుగున్నర మి.లీ. చుక్కల సీసా పట్టుకుని సిరప్ కొలతలో పోస్తే ఏమవుతుందో నువ్వే లెక్కేసుకో.

డాక్టరు సైనస్ అని తేల్చి యాంటీబయాటిక్ రాస్తే అప్పుడు మాత్రం తప్పకుండా వాడు. మందు మొదలుపెట్టకుండా ఇంకో మూడు రోజులు చూద్దామన్నా సరే, ఆయన్ని చిన్నచూపు చూడకు, అదీ పద్ధతే. పొడి సీసా ఇస్తారు. కాచి చల్లార్చిన నీళ్ళు సగం పోసి కుదిపి, నురగ తగ్గాక గీత దాకా నింపు. కలిపింది ఫ్రిజ్‌లో పెట్టినా చాలావాటికి వారమే గడువు. పది రోజులు వాడమంటే రెండో సీసా కావాలి, అది ముందే కొనిపెట్టు గానీ కలపొద్దు. మందు మొదలెట్టి మూడు రోజులైనా మార్పు లేకపోతే మళ్ళీ చూపించాలి.

కన్ను సంగతి వస్తే మాత్రం రోజుల లెక్క పక్కన పెట్టు. కనురెప్ప ఎర్రగా వాచినా, కన్ను ముందుకొచ్చినట్టున్నా, కన్ను తిప్పితే నొప్పి అన్నా, ఒకటి రెండుగా కనిపిస్తోందన్నా, తలనొప్పితో వాంతులై మెడ బిగుసుకున్నా, పిల్లాడు మగతగా ఉన్నా, ఏ వేళైనా సరే 108కి ఫోన్ చేసి ఒంగోలు రిమ్స్ పెద్దాసుపత్రికి పో. తెల్లారనీలే అనుకోవద్దు.

ఇంకో విషయం, అడగడం మర్చిపోయా. ఒక్క ముక్కులోంచే కారుతోందా, రెండిట్లోంచీనా? ఒకదాన్నుంచే, అదీ కంపు కొడుతూ వస్తుంటే అది సైనస్ అయ్యుండకపోవచ్చు. ఇంట్లో శనగలు ఉన్నాయంటివి. వాడు ముక్కులో గింజేమైనా దూర్చుకున్నాడేమో టార్చి వేసి చూడు. గింజ కనిపిస్తే పిన్నుతో, పుల్లతో తియ్యబోకు, ఇంకా లోపలికి పోతుంది. ఈఎన్‌టీ డాక్టరు నిమిషంలో తీసేస్తాడు.

చీమకుర్తిలో దుమ్ము లేని గాలి ఎక్కడ దొరుకుతుంది, నాకు తెలుసు. క్వారీ నుంచి రాగానే మీ ఆయన్ని బట్టలు బయటే మార్చి, స్నానం చేసి వాణ్ణి ఎత్తుకోమను. సిగరెట్ వాకిట్లో కాల్చినా ఆ పొగ చొక్కాకు అంటుకుని లోపలికొస్తుంది. దోమల చుట్ట మానేసి దోమతెర కట్టు. దోమలతో వేగిన నెల్లూరుదాన్ని చెప్తున్నా, తెరకు మించింది లేదు. రొంప లేనప్పుడు కూడా వాడు నోరు తెరిచి గురక పెడుతుంటే ఆ మాట డాక్టరుతో విడిగా చెప్పు, ముక్కు వెనక ఉండే అడినాయిడ్స్ అనే కండ పెరిగిందేమో చూస్తారు.

పోయేటప్పుడు టీకాల కార్డు తీసుకుపో, అందులో పీసీవీ అనే న్యుమోకాకల్ టీకా మూడు డోసులూ పడ్డాయో లేదో చూడమను. బరువు తూయించి, రొంప మొదలైన తేదీ చెప్పు. ఆ షాపు సీసా కూడా సంచిలో వేసుకో, ఏం మందో డాక్టరుకు చూపిద్దువు.

మీ అత్త