జర్మనీలో వాలంటీర్‌గా ఏడాది: మీ ప్రశ్నలు, నా జవాబులు

జర్మనీలో గోటింగెన్ అనే యూనివర్సిటీ ఊళ్ళో ఒక వృద్ధాశ్రమంలో ఏడాది పాటు వాలంటీర్‌గా చేసొచ్చానని పోయిన నెల ఈ పేజీలో రాశా కదా, దానికి చాలా ఉత్తరాలు వచ్చాయి. ఒకేలాంటి ప్రశ్నలు ఉన్నవాటిని కలిపేసి జవాబులు రాస్తున్నా.

ప్రశ్న: అసలు ఈ ప్రోగ్రాం గవర్నమెంట్‌దా ప్రైవేట్‌దా అక్కా? డబ్బులేమైనా ఇస్తారా, మనమే కట్టాలా? (డిగ్రీ ఫైనలియర్ విద్యార్థి)

రెండు రకాలున్నాయి తమ్ముడూ. ఒకటి ఎఫ్‌ఎస్‌జే, అంటే ఏడాది పాటు చేసే యువజన సామాజిక సేవ, దీనికి 1964లోనే చట్టం చేశారు, 27 ఏళ్ళ లోపు వాళ్ళకి. రెండోది బీఎఫ్‌డీ, ఇది అక్కడి కేంద్ర ప్రభుత్వ వాలంటీర్ పథకం, దీనికి పై వయసు లిమిట్ లేదు. ఇది ఎలా వచ్చిందంటే, అక్కడ కుర్రాళ్ళకి మిలిటరీ సర్వీస్ తప్పనిసరిగా ఉండేది, తుపాకీ పట్టనన్నవాళ్ళు దాని బదులు హాస్పిటళ్ళలో, ఆశ్రమాల్లో పనిచేసేవాళ్ళు. 2011లో ఆ నిర్బంధ సర్వీస్ ఆపేశారు, మరి ఆ పనంతా ఎవరు చేస్తారు, అందుకే అదే ఏడాది జులై 1 నుంచి బీఎఫ్‌డీ మొదలుపెట్టారు. పథకం ప్రభుత్వానిదే అయినా మనం పనిచేసేది మాత్రం కారిటాస్, డియాకొనీ, రెడ్‌క్రాస్, ఏడబ్ల్యూఓ లాంటి సేవా సంస్థల దగ్గర.

ఇచ్చేది జీతం కాదు, పాకెట్ మనీ. ఎంతవరకు ఇవ్వొచ్చో చట్టంలో గరిష్ఠ పరిమితి ఉంది, 2025లో అది నెలకి 644 యూరోలు. కానీ అంత ఇచ్చేవాళ్ళు తక్కువ, నాకూ దానికంటే బాగా తక్కువే వచ్చింది, ఐతే రూమ్ వాళ్ళే ఇచ్చారు, డ్యూటీ రోజు మధ్యాహ్నం భోజనం ఆశ్రమంలోనే. హెల్త్ ఇన్సూరెన్స్, పెన్షన్ లాంటి సోషల్ ఇన్సూరెన్సులన్నీ సంస్థే కడుతుంది, ఇది చాలా పెద్ద విషయం, ఎందుకంటే అక్కడ ఇన్సూరెన్స్ లేకుండా హాస్పిటల్ గడప తొక్కితే అయ్యే ఖర్చు మనం తట్టుకోలేం. ఇంటికి డబ్బు పంపొచ్చు అనుకుని మాత్రం వెళ్ళకు. మన ఖర్చులకి సరిపోతుంది, జాగ్రత్తగా ఉంటే తిరగడానికి కాస్త మిగులుతుంది, అంతే.

ప్రశ్న: అమ్మా, మా అమ్మాయి వెళ్తానని పట్టుబట్టి కూర్చుంది. ముసలివాళ్ళకి స్నానాలు చేయించాలట, రాత్రీ పగలూ చాకిరీ అట, ఎవరో చెప్పారు. నాకు భయంగా ఉంది. (ఒక తల్లి)

ఆంటీ, మీ భయం నాకు అర్థమైంది, మా అమ్మ కూడా ఇదే అడిగింది. కొన్ని ఆశ్రమాల్లో స్నానానికి, బట్టలు మార్చడానికి వాలంటీర్లు సాయం చేస్తారు, అది నిజమే, కానీ నేర్పించాకే, పక్కన నర్సు ఉండగానే. మందులివ్వడం, ఇంజక్షన్లు చేయడం వాలంటీర్ పని కానే కాదు. పని ఫుల్‌టైమ్, వారానికి 39 గంటలు అలా ఉంటుంది, పొద్దున షిఫ్టు కొన్ని రోజులు, మధ్యాహ్నం షిఫ్టు కొన్ని రోజులు. ఏడాదిలో 25 సెమినార్ రోజులుంటాయి, అవి కూడా పని కిందే లెక్క, అక్కడ రకరకాల దేశాల పిల్లలు కలుస్తారు. సెలవులు వేరే.

ఇంకో సంగతి మీ అమ్మాయికి తప్పకుండా చెప్పండి, జీతం మీద పనిచేసే మనిషిని తీసేసి ఆ స్థానంలో వాలంటీర్‌ని పెట్టకూడదని రూలుంది. అంటే స్టాఫ్ తక్కువున్నారు కాబట్టి ఈ ఫ్లోర్ మొత్తం నువ్వొక్కదానివే చూసుకో అని ఎవరైనా అంటే అది తప్పు. నాతో సెమినార్‌కి వచ్చిన ఒకమ్మాయికి వేరే ఊళ్ళో సరిగ్గా ఇదే జరిగింది, తను తనని పంపిన సంస్థలో తన బాధ్యత చూసే కోఆర్డినేటర్‌కి చెప్పింది, వాళ్ళొచ్చి మాట్లాడారు, మారకపోయేసరికి చోటు మార్పించారు. చోటు మార్చుకోవడం కుదురుతుందని చాలామంది పిల్లలకి తెలీదు ఆంటీ, తెలీక ఏడుస్తూ లాగిస్తుంటారు.

ప్రశ్న: రోజంతా ఏం చేసేవారు? పోయినసారి దాని గురించి తక్కువ రాశారు.

నిజమే, ఈసారి వివరంగా రాస్తా. పొద్దున షిఫ్టైతే ఆరున్నరకల్లా అక్కడుండాలి, డిసెంబర్‌లో అప్పటికింకా చిమ్మచీకటి, సూర్యుడు ఎనిమిదిన్నర దాకా రాడు. టిఫిన్ ట్రేలు సర్దడం, బ్రెడ్‌కి వెన్న రాసి చేతులు వణికేవాళ్ళకి చిన్న ముక్కలు కోసి పెట్టడం, వీల్‌చైర్లు తోసుకుని డైనింగ్ హాల్‌కి తీసుకురావడం, ఇవి రోజూ ఉండేవి. ఎవరికి కాఫీలో పాలెంత, ఎవరు ఎవరి పక్కన కూర్చోరు, ఇవన్నీ గుర్తు పెట్టుకోవాలి, ఇది చిన్న విషయంలా కనిపిస్తుంది కానీ తొంభై ఏళ్ళ మనిషికి తన కుర్చీలో వేరేవాళ్ళు కూర్చుంటే రోజంతా పాడైపోతుంది.

మధ్యాహ్నం మూడింటికి కాఫీ, కేకు. ఆదివారం కేకు లేకపోతే వాళ్ళకి ఆదివారం కాదు. ఆ తర్వాత ఆటలు. అక్కడ ఇంటింటా ఉండే ఒక బోర్డు గేమ్ ఉంది, పాచిక వేసి నాలుగు కాయల్ని ఇంటికి చేర్చాలి, నూట పదేళ్ళ పైనుంచీ ఆడుతున్నారు, మూలం చూస్తే అది మన పచ్చీసే! ఆ మాట నేను చెప్తే అక్కడ ఒక తాతగారు అస్సలు ఒప్పుకోలేదు, ఇది మా జర్మన్ ఆట అని. ఆయనకి పొద్దున ఏం తిన్నారో గుర్తుండదు కానీ నా కాయ ఎక్కడుంది, ఎన్ని పడితే చంపొచ్చు అనేది మాత్రం పాచిక ఆగేలోపే చెప్పేసేవారు. డిమెన్షియా, అంటే ముసలితనంలో వచ్చే మతిమరుపు జబ్బు, వస్తే మనిషి పూర్తిగా పోయినట్టే అనుకుంటాం కదా, కాదండీ, ఎక్కడో ఒక గది తలుపు తెరిచే ఉంటుంది, అది ఎక్కడుందో వెతకడానికి నర్సులకి టైముండదు, పాపం వాళ్ళకి ఊపిరాడనంత పని. మనకి ఉంటుంది. వాలంటీర్ అవసరం అక్కడుంది అని నేను గట్టిగా నమ్ముతా.

ఒక అమ్మమ్మ ఉండేది, సైలీషియాలో పుట్టిందట, ఆ ప్రాంతం చాలావరకు ఇప్పుడు పోలండ్‌లో ఉంది. 1945లో చిన్నపిల్లగా వాళ్ళమ్మ చెయ్యి పట్టుకుని వచ్చేసింది. గోటింగెన్‌కి దక్షిణంగా దగ్గర్లోనే ఫ్రీడ్‌లాండ్ అని ఊరుంది, అక్కడ 1945 సెప్టెంబర్‌లో బ్రిటిష్ వాళ్ళు శరణార్థి శిబిరం పెట్టారు, ఇప్పటిదాకా 40 లక్షల మందికి పైగా దాని గుండా వెళ్ళారు, ఈరోజుకీ నడుస్తోంది, ఇప్పుడు వేరే దేశాల నుంచి వచ్చేవాళ్ళు ఉంటారు. పాత స్టేషన్ బిల్డింగ్‌లో 2016లో మ్యూజియం పెట్టారు. నేను ఒక సెలవు రోజు వెళ్ళి చూసొచ్చి ఫొటోలు ఈవిడకి చూపించా. ఒక్కొక్కటే చాలాసేపు చూసింది, ఫోన్ స్క్రీన్ ఆరిపోతుంటే మళ్ళీ మళ్ళీ వేలితో తట్టింది, తర్వాత ఆ శిబిరంలో సూప్‌లో ఉప్పు లేదని అప్పటి సంగతి మొదలుపెట్టి సాయంత్రం భోజనం దాకా ఆపలేదు. యుద్ధం గురించి నేను స్కూల్లో చదివింది ఒకటి, ఆ సూప్ గురించి విన్నది ఒకటి.

ఇంకోటి కూడా చెప్పాలి, అక్కడ మనుషులు చనిపోతారు. మనం నిన్న కాఫీ ఇచ్చినవాళ్ళు ఈరోజు ఉండరు. మా దగ్గర ఐతే హాల్లో ఒక చిన్న బల్ల మీద ఆ మనిషి ఫొటో పెట్టి కొవ్వొత్తి వెలిగించేవాళ్ళు, పక్కన ఒక పుస్తకం, ఎవరైనా రాయొచ్చు. మొదటిసారి నాకు చాలా కష్టమైంది, ఆ రోజు షిఫ్టు లీడర్ నన్ను కూర్చోబెట్టి ఏడవనిచ్చింది, పని తర్వాత చూసుకుందాం అంది. ఇంత భారం మోయగలమా అని వెళ్ళేముందే ఆలోచించుకోండి. మోయలేం అనిపిస్తే కిండర్‌గార్టెన్లు, వికలాంగుల వర్క్‌షాపులు ఉన్నాయి, పర్యావరణ పనికి ఎఫ్‌ఓఈజే అని వేరే ఏడాది ప్రోగ్రామే ఉంది.

ప్రశ్న: ఇంగ్లిష్‌తో నెట్టుకురావచ్చా?

రాలేం. సూపర్‌మార్కెట్లో, యూనివర్సిటీ పిల్లలతో ఐతే సరిపోతుంది, ఆశ్రమంలో ఎనభై ఐదేళ్ళ మనిషి నొప్పెక్కడో చెప్తుంటే ఇంగ్లిష్ ఏం పనికొస్తుంది. చాలా సంస్థలు జర్మన్ భాషలో ఏ2 స్థాయి సర్టిఫికెట్ అడుగుతాయి, కొన్ని దానిపై మెట్టు బీ1. బీ1 అయ్యాకే వెళ్ళండి అని నా సలహా, అందరూ ఏ2 చాలు అంటారు, వీసాకి చాలొచ్చు కానీ మనిషితో మాట్లాడ్డానికి చాలదు. పైగా వాళ్ళు పళ్ళసెట్టు తీసేసి మాట్లాడతారు, క్లాసులో విన్న ఆడియోలా ఉండదు. అర్థం కాకపోతే తలూపేయకుండా మళ్ళీ చెప్పమని అడగండి, వాళ్ళు విసుక్కోరు, అడిగేవాళ్ళు దొరికారని సంతోషిస్తారు.

ప్రశ్న: రంగు చూసి తేడాగా చూస్తారా? ఒంటరిగా అనిపించలేదా?

రెండూ ఉన్నాయి. నా చేతి నుంచి ప్లేటు తీసుకోనన్న మనిషి ఒకరున్నారు, మా టీమ్ ఆయనకి నా ముందే స్పష్టంగా చెప్పింది, ఈ అమ్మాయి మా మనిషి అని. అలా నిలబడే టీమ్ ఉంటే తట్టుకోవచ్చు, లేకపోతే మాత్రం మౌనంగా భరించొద్దు, కోఆర్డినేటర్‌కి చెప్పండి, అక్కడ కేంద్ర ప్రభుత్వానికి వివక్ష వ్యతిరేక ఆఫీసు ఉంది, 2006 నుంచీ చట్టం ఉంది.

ఒంటరితనం ఎక్కువగా నవంబర్, డిసెంబర్‌లో పట్టుకుంటుంది, సాయంత్రం నాలుగింటికే చీకటి, ఆదివారం షాపులు మూసేస్తారు, వీధిలో మనిషి కనపడడు. దానికి మందు ఏంటంటే చీకటి పడకముందే బయట నడవడం, వారానికి ఒక్కటైనా తప్పనిసరిగా వెళ్ళే చోటు పెట్టుకోవడం, పాటల గుంపో, ఆటల క్లబ్బో, ఏదో ఒకటి. ఫోన్‌లో ఇంటివాళ్ళతో గంటలు గంటలు మాట్లాడితే ఆ పూట బావుంటుంది కానీ ఉన్న ఊరు మనది అవదు. జూన్‌లో చూడండి మరి, రాత్రి తొమ్మిదిన్నర దాటినా వెలుతురే, ఊరంతా పార్కుల్లో ఉంటుంది.

ప్రశ్న: ఆ పాకెట్ మనీతో అన్ని ఊళ్ళు ఎలా తిరిగారు?

ఒక టికెట్ పుణ్యం అది, దాని పేరు డాయిచ్‌లాండ్ టికెట్. నెలకి ఒకసారి కడితే దేశమంతా లోకల్ బస్సులు, ట్రాములు, మెట్రోలు, రీజినల్ రైళ్ళు ఎక్కొచ్చు. 2023 మేలో 49 యూరోలకి మొదలైంది, 2025లో నేనున్నప్పుడు 58, 2026 జనవరి నుంచి 63 చేశారు. ఐసీఈ, ఐసీ లాంటి ఫాస్ట్ రైళ్ళలో మాత్రం చెల్లదు, పొరపాటున ఎక్కితే ఫైన్. గోటింగెన్ నుంచి హాంబర్గ్ ఐసీఈలో రెండు గంటలు, రీజినల్‌లో నాలుగు గంటల పైనే, దార్లో యూల్జెన్‌లో మారాలి. నాకైతే ఆ మారడమే ఇష్టం, ఎందుకంటే యూల్జెన్ స్టేషన్‌ని హుండర్ట్‌వాసర్ అనే ఆస్ట్రియా చిత్రకారుడి డిజైన్‌తో 2000లో మార్చేశారు, వంకర స్తంభాలు, రంగురంగుల టైల్స్, ఒక్క గీతా తిన్నగా ఉండదు. రైలు తప్పిపోతే అక్కడ ఎంతసేపైనా కూర్చోవచ్చు.

దగ్గర్లో హార్ట్జ్ కొండలున్నాయి, గోస్లార్ పాత ఊరు, దాని పక్క రామెల్స్‌బర్గ్ గని రెండూ 1992లో యునెస్కో లిస్టులో చేరాయి. ఆ కొండల్లోనే ఉన్న బ్రోకెన్ శిఖరం 1141 మీటర్లు, పైకి స్టీమ్ ఇంజన్ రైలు వెళ్తుంది కానీ దాని టికెట్ వేరే, ఖరీదు ఎక్కువ, నడిచి ఎక్కండి. పైన గాలి మామూలుగా ఉండదు, మేలో కూడా జాకెట్ కావాలి. జర్మనీ రెండుగా ఉన్న రోజుల్లో ఆ శిఖరం తూర్పు జర్మనీ వాళ్ళ మిలిటరీ ప్రాంతం, 1989 డిసెంబర్‌లో జనం గేటు దగ్గరికి నడిచొచ్చి తెరిపించారు.

పక్క దేశాలకి వెళ్ళాలంటే జర్మనీ రెసిడెన్స్ పర్మిట్ మీద షెంగెన్ దేశాల్లో (ఒకే వీసా ఒప్పందంలో ఉన్న యూరప్ దేశాలు) 180 రోజుల్లో 90 రోజుల దాకా తిరగొచ్చు, పాస్‌పోర్టు, పర్మిట్ కార్డు రెండూ వెంట ఉండాలి. ఇంగ్లండ్‌కి మాత్రం వేరే వీసా.

ప్రశ్న: ఒక కన్సల్టెన్సీ వాళ్ళు లక్షలు కడితే వాలంటీర్ వీసా, తర్వాత గ్యారంటీగా ఉద్యోగం అంటున్నారు. కట్టమంటారా? (నర్సింగ్ చదివిన ఒక పాఠకురాలు)

వద్దు చెల్లీ. ఇది వాలంటీర్‌కి సంస్థ పాకెట్ మనీ ఇచ్చే పథకం, అలాంటిదానికి నువ్వు లక్షలు కట్టడం ఏంటి? సంస్థల వెబ్‌సైట్లలో నేరుగా అప్లై చేయొచ్చు, వీడియో కాల్‌లో ఇంటర్వ్యూ చేస్తారు, కుదిరితే అగ్రిమెంట్ పంపిస్తారు, దాంతో నేషనల్ వీసాకి, అంటే ఎక్కువ కాలం ఉండడానికి ఇచ్చే వీసాకి వెళ్ళాలి, ఫీజు 75 యూరోలు. నీ ఖర్చల్లా జర్మన్ క్లాసులు, పరీక్ష, ఫ్లైట్. ఉద్యోగం గ్యారంటీ ఎవరూ ఇవ్వలేరు. ఏడాది అయ్యాక చాలామంది మూడేళ్ళ నర్సింగ్ ట్రైనింగ్‌లో చేరతారు, నిజమే, అందులో స్టైపెండ్ బావుంటుంది. కానీ నువ్వు ఇప్పటికే నర్సింగ్ చేశావు కాబట్టి మళ్ళీ మొదట్నుంచీ చదవక్కర్లేదు, నీ డిగ్రీకి అక్కడ గుర్తింపు తెచ్చుకునే దారి వేరే ఉంది, ముందు అది కనుక్కో. ఉద్యోగమే కావాలనుకుంటే నేరుగా ఆ దారిలోనే వెళ్ళు, ఈ ఏడాదిని మెట్టులా వాడుకోవాలని చూస్తే రోజూ లెక్కలు వేసుకుంటూ గడుపుతావు, ఎదురుగా ఉన్న మనిషి కనపడదు.

ప్రశ్న: ఎప్పుడు అప్లై చేయాలి? వెళ్ళగానే చేయాల్సిన పనులేంటి?

చాలా చోట్ల ఏడాది ఆగస్టు, సెప్టెంబర్‌లో మొదలవుతుంది, వీసాకి టైం పడుతుంది కాబట్టి ముందటేడాది చలికాలంలోనే అప్లికేషన్లు పంపేయండి. దిగిన రెండు వారాల్లో సిటీ ఆఫీసులో అడ్రస్ రిజిస్టర్ చేయించాలి, అది లేకపోతే బ్యాంకు దగ్గర్నుంచి రెసిడెన్స్ పర్మిట్ దాకా ఏదీ కదలదు. రేడియో, టీవీ ఫీజు అని నెలకి 18.36 యూరోలు ఇంటికి ఒకటి చొప్పున కట్టమని ఉత్తరం వస్తుంది, షేరింగ్ ఫ్లాట్‌లో ఉంటే అందులో ఒకరు కడితే చాలు, ఉత్తరాన్ని పక్కన పడేయకుండా జవాబివ్వండి. ప్లాస్టిక్ బాటిళ్ళు పారేయకండి, ఒక్కోదానికి 25 సెంట్లు వెనక్కొస్తాయి. ఎమర్జెన్సీకి 112, రాత్రిపూట ప్రాణం మీదికి రాని జ్వరం లాంటిదైతే 116117, ఈ రెండు నంబర్లు ఫ్లైట్ ఎక్కకముందే ఫోన్‌లో వేసుకోండి.