గెలిచిన రాత్రి బీరు, పందొమ్మిదేళ్ల తమ్ముడు: ఒక పీడీ జవాబు

మీ తమ్ముడికి పందొమ్మిదేళ్లు, భీమవరంలో డిగ్రీ చదువుతూ కాలేజీ కబడ్డీ టీమ్‌లో ఆడుతున్నాడు. మ్యాచ్ గెలిచినప్పుడల్లా సీనియర్లు బీర్లు తెప్పిస్తున్నారు. మీరు అడిగితే "యానాంలో 18కే ఇస్తారు, ఓటు కూడా 18కే వచ్చింది, ఇంత చెమట కారాక ఒక్క బీరు ఏం చేస్తుందక్కా" అంటున్నాడు. పీడీ (ఫిజికల్ డైరెక్టర్) గారికి చెప్పాలా, చెబితే వాణ్ణి టీమ్‌లోంచి తీసేస్తారా అన్నది మీ టెన్షన్.

నేను కోనసీమలో ఒక డిగ్రీ కాలేజీలో పీడీని. చదువుకునే రోజుల్లో వాలీబాల్ ఆడాను. నా జవాబు: చెప్పండి. కాకపోతే తమ్ముడి మీద ఫిర్యాదులా చెప్పొద్దు. ఎలా చెప్పాలో చివర్లో రాస్తాను.

ముందు ఆ యానాం సంగతి తేల్చుకుందాం. మావైపు కుర్రాళ్లు ప్రతి ఏడాదీ నాతో వేసుకునే వాదన ఇదే. వాళ్లు చెప్పేది అబద్ధం కాదు. యానాం పుదుచ్చేరి కిందికి వస్తుంది, అక్కడ వయసు 18. ఇటు ఆంధ్రాలో 21 నిండాలి. ఎదుర్లంక దగ్గర వంతెన ఎక్కి దిగితే చట్టం మారిపోతుంది. 1995 జనవరిలో మన రాష్ట్రంలో సంపూర్ణ మద్యనిషేధం వచ్చినప్పుడు అక్కడ వంతెన లేదు, పంటు (రేవు పడవ) మీద దాటాలి. అయినా సాయంత్రం అవతలికి వెళ్లి, తూలుతూ ఇవతల రేవులో దిగే పెద్దమనుషుల్ని మా ఈడు వాళ్లందరం చూశాం. 1997లో నిషేధం ఎత్తేశారు, 2002లో వంతెన వచ్చింది. గోదావరి దాటితే తప్పు లేదన్న లెక్క మాత్రం తాతల నుంచి మనవళ్లకి వచ్చేసింది.

సరే, అక్కడ తాగాడు, చట్టం ఒప్పుకుంది. తిరిగి ఎలా వస్తాడు? బైకు మీదే కదా. నూరు మిల్లీలీటర్ల రక్తంలో 30 మిల్లీగ్రాములు దాటితే మోటారు వాహనాల చట్టం 185వ సెక్షన్ కింద నేరం. మొదటిసారికే పదివేల జరిమానా గానీ, ఆరు నెలల వరకు జైలు గానీ, రెండూ గానీ పడొచ్చు. ఇది కేంద్ర చట్టం కాబట్టి వంతెనకి అటూ ఇటూ ఒకటే. ఆ రాత్రివేళ కాలవ గట్టు మలుపుల్లో రెయిలింగు లేని చోట్లు ఎన్ని ఉన్నాయో డెల్టాలో పుట్టిన మీకు నేను చెప్పక్కర్లేదు. ఇక అవతల కొన్న సీసా బ్యాగులో పెట్టుకుని వస్తూ దొరికితే ఎక్సైజ్ వాళ్లు చూసుకుంటారు. మావాళ్లలో చాలామంది స్పోర్ట్స్ కోటాలో పోలీసు ఉద్యోగం కోసం ఆడేవాళ్లు. అటెస్టేషన్ ఫారంలో మీ మీద కేసులు ఏమైనా ఉన్నాయా అని అడుగుతారు. ఆ గడి ఖాళీగా ఉండాలి.

ఇక 21 అన్న వయసు మీద వాదించుకోవచ్చు. ఓటు వేయొచ్చు, సైన్యంలో చేరొచ్చు, బీరు మాత్రం కొనకూడదంటే కుర్రాడికి వింతగానే ఉంటుంది. నాకూ కొంచెం అలాగే ఉంటుంది. అయినా నేను ఆ చట్టాన్ని టీమ్‌లో గట్టిగా పట్టుకుంటాను, ఎందుకంటే దాని వల్ల ఎక్కువ లాభపడేది జూనియర్ కుర్రాడు.

టూర్‌లో రాత్రి ఎలా ఉంటుందో మీరు చూసి ఉండరు. ఏదో కాలేజీ క్లాసురూములో బల్లలు పక్కకి జరిపి చాపలు వేసుకుని పడుకుంటారు. సెమీస్ గెలిచారు, ఒళ్లు నొప్పులు, కళ్లల్లో నిద్ర లేదు. సీనియర్ గ్లాసు ముందు పెడతాడు. ఆ సీనియరే రేపు ఫైనల్లో వీడికి పక్కన చెయ్యి పట్టుకుని నిలబడేవాడు. అక్కడ "నాకు ఇష్టం లేదన్నా" అంటే ఎకసెక్కం మొదలవుతుంది. ఏడాదంతా ఆ పేరుతోనే పిలుస్తారు. అందుకే నేను టూర్ బయల్దేరే ముందు అందరి ఎదుటా, సీనియర్లు వినేలా చెబుతాను: ఇరవై ఒకటి నిండనివాడి చేతిలో గ్లాసు కనబడితే పోసినవాడు రేపు బెంచీ మీద, మిగతాది ప్రిన్సిపాల్ గారు చూసుకుంటారు. తాగినవాడి పేరు ముందు ఎత్తను. పోసినవాడి పేరే ఎత్తుతాను.

ఒకసారి ఒక ఫస్ట్ ఇయర్ కుర్రాడు, మంచి ఎటాకర్, నేను గది బయట ఉండగా లోపల అంటున్నాడు: "వద్దన్నా, తర్వాత సార్ మీదకొస్తది, నీ మీదా వస్తది." ఎవరూ నవ్వలేదు. వాడు మంచిబాలుడు అనిపించుకోలేదు, పిరికివాడూ అనిపించుకోలేదు. సీనియర్‌ని కాపాడుతున్నట్టే మాట్లాడాడు. పందొమ్మిదేళ్ల వాడికి అలాంటి సాకు ఒకటి చేతిలో ఉండాలి. అది వాడంతట వాడు తయారు చేసుకోలేడు, మనం ఇవ్వాలి.

చట్టం చూపు కూడా అటే. ఎక్సైజ్ చట్టం ముందుగా నిలదీసేది 21 లోపు వాళ్లకి అమ్మిన లైసెన్సుదారుణ్ణి. ఇంటర్ పిల్లలు టీమ్‌తో కలిసి వస్తే వ్యవహారం ఇంకా పెద్దది. పద్దెనిమిది నిండని వాళ్లకి మద్యం ఇస్తే 2015 నాటి జువెనైల్ జస్టిస్ చట్టం 77వ సెక్షన్ కింద ఏడేళ్ల వరకు కఠిన కారాగారం, లక్ష రూపాయల వరకు జరిమానా. పిల్లల చేత మద్యం మోయించడం 78వ సెక్షన్‌లో నేరం. ఇది చదివినప్పుడల్లా నాకు బెల్టు షాపుకి కొడుకుని పంపి క్వార్టర్ తెప్పించుకునే నాన్నలు గుర్తొస్తారు. వాళ్లే పేరెంట్స్ మీటింగులో "మావాణ్ణి కాస్త క్రమశిక్షణలో పెట్టండి మేస్టారూ" అంటారు.

కల్లు గురించి మీరు అడగలేదు గానీ, అడగాల్సిందే. ఎండాకాలం క్యాంపుల్లో "అది మందు కాదండీ, చలవ" అని తాటికల్లు తాగే పిల్లలు ఉన్నారు. చెట్టు నుంచి పులవకుండా దించితే అది నీరా. పులిశాక కల్లు, అందులో ఆల్కహాల్ దాదాపు బీరుతో సమానం. వేసవిలో పులవడానికి పూట కూడా పట్టదు. ఎక్సైజ్ వాళ్ల దృష్టిలో కల్లు కూడా మత్తు పానీయమే.

ఒక్క బీరు ఏం చేస్తుందన్న ప్రశ్నకి భయపెట్టకుండా జవాబు చెబుతాను. 2014లో ఆస్ట్రేలియాలో ఒక చిన్న పరిశోధన చేశారు. గట్టిగా వ్యాయామం చేశాక ప్రోటీన్‌తో పాటు మద్యం తీసుకున్నవాళ్లలో, కండ తిరిగి కట్టుకునే పని దాదాపు పావు వంతు తగ్గింది. అయితే వాళ్లకి ఇచ్చింది బాగా పెద్ద మోతాదు, ఒక బీరుకి ఆ లెక్క అతికించకూడదు. కానీ టీమ్ గదిలో ఒక్కటి దగ్గర ఆగడం నేను అరుదుగా చూశాను. పైగా మన ఉక్కకి మ్యాచ్‌లో పోయిన నీళ్లే ఎక్కువ. మద్యం మూత్రం పెంచి ఇంకా లాగేస్తుంది. నిద్ర పట్టినట్టే ఉంటుంది, తెల్లవారుజామున చెడిపోతుంది. మర్నాడు పొద్దున్నే పిక్కలు పట్టేసి, రైడ్‌కి వెళ్లి మధ్యలో కుంటుకుంటూ వచ్చేవాణ్ణి చూస్తే రాత్రి ఏం జరిగిందో నాకు ఎవరూ చెప్పక్కర్లేదు.

"డోపింగ్ లిస్టులో లేదు కదా సార్" అని తెలివిగా అడిగేవాళ్లూ ఉన్నారు. నిజమే, 2018 నుంచి వాడా (ప్రపంచ డోపింగ్ నిరోధక సంస్థ) నిషేధిత జాబితాలో ఆల్కహాల్ లేదు. అంతకుముందు కూడా విలువిద్య లాంటి కొన్ని ఆటల్లోనే ఉండేది. తీసేసింది మంచిదని కాదు, ఏ ఆటకి కావాలంటే ఆ ఆట సమాఖ్య చూసుకుంటుందని. మా అమలాపురం కుర్రాడు సాత్విక్ సాయిరాజ్ ఏషియన్ గేమ్స్‌లో బంగారు పతకం తెచ్చాక బ్యాట్మింటన్ నేర్చుకోవాలని వచ్చే పిల్లలు పెరిగారు. జాబితాలో ఏముందో వాళ్ల నాన్నలు అడిగితే బాగుండు, కానీ వాళ్లు అడిగేది ఫీజు ఎంతని.

నాకు కుర్రాళ్ల కంటే ఎక్కువ తలనొప్పి పెద్దవాళ్లు. సంక్రాంతికి ఊళ్లల్లో వాలీబాల్, కబడ్డీ పోటీలు పెడతారు. పక్కనే కోడిపందేల బరులు, ఆ పక్కనే మందు. గెలిచిన టీమ్‌కి క్యాష్ ప్రైజుతో పాటు ఎవరో ఒక పెద్దాయన బీర్ల కేసు పంపిస్తాడు. నేను వెనక్కి పంపితే "పిల్లలు కష్టపడ్డారు కదండీ మేస్టారూ, పండగ పూట కూడానా" అన్నారు. మొహమాటపడకుండా "అదే డబ్బుకి కోడిపలావు చెప్పించండి, మీ పేరు చెప్పుకుని తింటారు" అన్నాను. ఆయనకి కోపం వచ్చింది గానీ పలావు వచ్చింది. గెలిచిన రాత్రి పిల్లలకి ఏదో ఒక సంబరం ఉండాలి. వద్దు అని చెప్పి ఊరుకుంటే వాళ్లు చీకట్లో వెతుక్కుంటారు. అలాగే బత్తా డబ్బులు పిల్లల చేతికి ఇవ్వకుండా నేనే భోజనం పెట్టిస్తాను. సీనియర్లు చందా వేసేది ఆ డబ్బుతోనే.

ఇప్పుడు మీరు చేయాల్సింది. మీ తమ్ముడి పేరు ఎత్తకుండా, వీలైతే మీ నాన్నగారి చేత పీడీ గారికి ఒక ఉత్తరం రాయించండి. టూర్‌లో రాత్రి బస ఎక్కడ, టీమ్‌తో ఎవరు పడుకుంటారు, తిరుగు ప్రయాణం బస్సా బైకులా, 21 నిండనివాళ్లకి మందు విషయంలో కాలేజీ నియమం ఏమిటి. ఈ నాలుగూ అడిగితే చాలు, అర్థం చేసుకుంటారు. కాగితం మీద పడిన ప్రశ్నకి జవాబు ఇవ్వక తప్పదు. ఏ పీడీ కూడా ఆ ఉత్తరం చూసి ఆటగాణ్ణి తీసేయడు. తీసేస్తే ఆయనే ఇరుక్కుంటాడు.

ఒకవేళ పీడీయే వాళ్లతో కూర్చునే రకమైతే (ఉన్నారు, మా వృత్తిలో తక్కువేం కాదు) నేరుగా ప్రిన్సిపాల్ దగ్గరికి వెళ్లండి. సీనియర్లు బలవంతంగా తాగిస్తుంటే దాన్ని పార్టీ అనరు, ర్యాగింగ్ అంటారు. 1997 నుంచి మన దగ్గర దానికి వేరే చట్టం ఉంది. ప్రతి కాలేజీలో యాంటీ ర్యాగింగ్ కమిటీ ఉండాలి. వాళ్లు కదలకపోతే జాతీయ హెల్ప్‌లైన్ 1800-180-5522కి చేయొచ్చు.

తమ్ముడితో మాత్రం చట్టాలూ సెక్షన్లూ చదవకండి, వినడు. ఒక్క విషయం ఒప్పించండి. ఎవరైనా ఎక్కువ తాగి పిలిచినా పలక్కుండా పడిపోతే, వాంతి గొంతుకి అడ్డం పడకుండా పక్కకి తిప్పి పడుకోబెట్టి, వెంటనే 108కి, ఆ తర్వాత పీడీకి ఫోన్ చేయాలి. తిడతారని గదిలో దాచిపెట్టి తెల్లారేదాకా చూడకూడదు. మా టీమ్‌కి నేను చెప్పేది కూడా ఇదే: ఆ ఫోన్ చేసినవాణ్ణి నేనేమీ అనను.