పిల్లలతో జనవరిలో హైదరాబాద్ నుంచి మనాలికి కారులో వెళ్తున్నాం. మంచుకి టైర్లు మార్చాలా?

ఈ ఒక్క ట్రిప్ కోసం స్నో టైర్లు కొనకండి. వాటి రబ్బరు మెత్తన, మన మే నెల రోడ్ల వేడికి తొందరగా అరిగిపోతాయి. మామూలు టైర్లకి తిప్పలు సుమారు 7 డిగ్రీల లోపు మొదలవుతాయి. రబ్బరు గట్టిపడి గ్రిప్ తగ్గుతుంది.

కాబట్టి ముందుగా టైర్ల మీది గాడుల లోతు చూడండి. రూల్ ప్రకారం 1.6 మిల్లీమీటర్లు చాలు గానీ, మంచులోకి 4 కన్నా తక్కువుంటే నేనైతే బయల్దేరను. టైరు పక్కన తయారీ తేదీ కూడా చదవండి: 1819 అంటే 2019లో 18వ వారం. అంత పాతవైతే మార్చేయండి.

డిక్కీలో స్నో చెయిన్లు, అంటే మంచులో జారకుండా టైర్లకి చుట్టే గొలుసులు, ఉండాలి. ఇంజన్ తిప్పే చక్రాలకే వేయాలి, మన చిన్న కార్లలో ఎక్కువగా ముందువాటికి. ఇంటి దగ్గరే ఒకసారి వేసి చూసుకోండి. చలికి వేళ్లు కొంకర్లు పోతుంటే అక్కడ కొక్కెం తగిలించడం చాలా కష్టం. రోడ్డు మీద మంచు గాజులా గడ్డకట్టి ఉంటే మాత్రం కారు ఆపేసి, అక్కడి టాక్సీ మాట్లాడుకోండి. పిల్లలున్నారు కదా.